కారు పైకి లేవాలంటే కప్పు ఎంత ఎత్తుండాలి?

అమెరికాలో కాలనీ ఇళ్ల గ్యారేజీలను కొలిస్తే దాదాపు ప్రతిచోటా అవే రెండు అంకెలు ఎదురవుతాయి. తలుపు ఎత్తు 7 అడుగులు, సీలింగు 8 లేదా 9 అడుగులు. నేలమీదే ఉండే కారుకు ఇది ధారాళంగా సరిపోతుంది. గ్యారేజీలో కారును ఎత్తే లిఫ్టు పెట్టాలన్న కోరిక మాత్రం ఇల్లు పూర్తయి, గృహప్రవేశం జరిగి, రెండు కార్ల చోటులోకి మూడో కారు వచ్చాక పుడుతుంది. టెక్సాస్‌లో పిల్లలకు 16 ఏళ్లకే లైసెన్సు వస్తుంది. కారును రాత్రంతా వీధిలో వదిలేస్తే కాలనీ సంఘం నుంచి ఉత్తరం వస్తుంది. డాలస్ దగ్గరి ఫ్రిస్కో, ప్లేనో వైపు స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ ఇరుకు కొత్త కాదు. ఒక కారు మీద ఇంకో కారు నిలబెట్టే లిఫ్టు కొన్ని వేల డాలర్లకే దొరుకుతుందని తెలియగానే చాలామంది ముందు దాని ధర చూస్తారు, తర్వాత టేపు తీస్తారు. వరస తిరగబడాలి.

లిఫ్టు అమ్మేవారి పత్రంలో కనిపించే ఎత్తు ఆ యంత్రానిది. ఇంటివారికి కావలసిన ఎత్తు వేరు. దాన్ని నేల నుంచి మొదలుపెట్టి, తమ కార్లతో లెక్కించుకోవాలి.

రెండు కామ్రీలను తీసుకుందాం. ఒక్కొక్కటి సుమారు 57 అంగుళాల ఎత్తు. కింద కారు 57, దానిపైన ఖాళీ 3, పై కారు చక్రాలు నిలిచే ఇనుప పట్టెల మందం 5, పై కారు మళ్లీ 57, కప్పుకు తగలకుండా మరో 4. మొత్తం 126 అంగుళాలు, అంటే పదిన్నర అడుగులు. పైన కామ్రీ బదులు మాజ్డా మియాటా లాంటి చిన్న స్పోర్ట్స్ కారు ఉంటే దాని ఎత్తు 49 అంగుళాలే కాబట్టి 9 అడుగుల 10 అంగుళాలతో పని గడుస్తుంది. రెండూ టొయోటా హైలాండర్ తరహా పెద్ద ఎస్‌యూవీలయితే, ఒక్కొక్కటి 68 అంగుళాల చొప్పున, లెక్క 12 అడుగుల 4 అంగుళాలకు చేరుతుంది. పాత స్పోర్ట్స్ కారు ఉన్నవారు తొమ్మిదిన్నర, పది అడుగుల సీలింగు చాలంటే అది వారికి నిజమే. ఆ మాట విని రెండు పెద్ద బండ్లున్నవారు ఇల్లు కట్టుకుంటే వచ్చేదే చిక్కు.

కప్పు కింద వదిలిన ఆ 4 అంగుళాలు వృథాగా కనిపిస్తాయి గానీ కావు. పైకెత్తిన కారు బరువు హైడ్రాలిక్ నూనె మీద నిలవకూడదు. స్తంభాల్లో కొద్ది అంగుళాలకు ఒకటి చొప్పున ఉండే ఇనుప గాట్ల మీద కూర్చోవాలి. కింద కారుకు తగలని ఎత్తు 60 అంగుళాల దగ్గర ఉండి, గాటు 62 దగ్గర ఉంటే 62 దాకా ఎత్తక తప్పదు. దించేటప్పుడు కూడా కారు నేరుగా కిందికి రాదు. గాటు మీది బరువు విడిపించడానికి ముందు ఒకటి రెండు అంగుళాలు పైకి లేచి, ఆ తర్వాతే దిగుతుంది. కప్పుకు అంగుళం దూరంలో కారును బిగించి మురిసిపోయినవారికి దాన్ని దించబోయిన రోజు తెలుస్తుంది, పైకి లేవడానికి చోటు లేదని.

కారు కింద నిలబడి పని చేయాలనుకునేవారి లెక్క మరో రకం. పట్టెల పైభాగం నేలకు 6 అడుగుల ఎత్తులో ఉందనుకుంటే దానికి కామ్రీ 57 అంగుళాలు, ఖాళీ 3 కలిపి సరిగ్గా 11 అడుగులు. పట్టెల అడుగుభాగం ఐదున్నర అడుగుల దగ్గరే ఉన్నా రెండు పట్టెల మధ్య ఖాళీలో కారు అడుగు ఇంకాస్త పైన ఉంటుంది కాబట్టి అక్కడ ఆరడుగుల మనిషి కూడా తల కొట్టుకోకుండా నిలబడగలడు. అయితే బానెట్ తెరవాల్సిన పని, డిక్కీ ఎత్తాల్సిన పని పైన ఉన్నప్పుడు చేయకూడదు. తెరిచిన డిక్కీ కారు కప్పును మించి లేస్తుంది.

ఇక లిఫ్టు రకాలు. ఇంటికి ఎక్కువగా పనికొచ్చేది నాలుగు స్తంభాలది. కారు చక్రాలతోనే పట్టెల మీదికెక్కుతుంది, స్తంభాలు సుమారు 7 అడుగుల ఎత్తే ఉంటాయి. చాలా తయారీదారులు దీన్ని నేలకు బోల్టులతో బిగించాలని పట్టుబట్టరు. రెండు స్తంభాలది మెకానిక్కు షెడ్డుల్లో కనిపించే రకం. చేతుల్లాంటి కమ్మీలు కారు పొట్టను పట్టి ఎత్తుతాయి, చక్రాలు గాలిలో వేలాడతాయి. బ్రేకులు, సస్పెన్షన్ పనికి దీన్ని మించింది లేదు. రెండు స్తంభాలనూ పైన కలిపే అడ్డకమ్మీ ఉన్న రకానికి సుమారు 12 అడుగుల ఎత్తు కావాలి. ఆ అడ్డకమ్మీ నేలమీదికి దిగిన రకం తొమ్మిదిన్నర అడుగుల దగ్గరే సర్దుకుంటుంది గానీ స్తంభాల నడుమ నేలమీద గడపలా ఒక ఇనుప పలక అడ్డం పడుతుంది. కింద చక్రాల బల్ల తోసుకుంటూ పని చేసేవారికి అది నిత్యం తగులుతూనే ఉంటుంది. 1925లో మెంఫిస్‌కు చెందిన పీటర్ లునాటి మొదటి హైడ్రాలిక్ కారు లిఫ్టును తయారుచేసినప్పుడు ఆయనకు ఊహ వచ్చింది మంగలి కుర్చీని చూసి. ఆ కుర్చీకి కప్పు ఎత్తు సమస్య లేదు.

సీలింగు 11 అడుగులుండి కూడా లిఫ్టు పనికిరాని గ్యారేజీలు చాలా ఉన్నాయి. కారణం సీలింగు కాదు, తలుపు.

అమెరికా గ్యారేజీ తలుపు అడ్డంగా మడతపడే పలకల వరస. తెరిచినప్పుడు రెండు పక్కల ట్రాకుల వెంట పైకెక్కి, మలుపు తిరిగి, నేలకు సమాంతరంగా గ్యారేజీలోకి పడుకుంటుంది. 7 అడుగుల తలుపు అలా పడుకునే ఎత్తు సుమారు ఏడున్నర అడుగులు. పైన 11 అడుగుల సీలింగు ఉన్నా, 14 ఉన్నా దానికి తేడా లేదు, తన అలవాటైన చోటే పడుకుంటుంది. దాని ట్రాకులు తలుపు దగ్గర నుంచి ఎనిమిది తొమ్మిది అడుగుల లోపలి దాకా, మధ్యలో వేలాడే మోటారు కడ్డీ ఇంకాస్త లోపలి దాకా చోటును ఆక్రమిస్తాయి. గ్యారేజీ లోతు 24 అడుగులైతే వెనక మిగిలేది మహా అయితే పదిహేను పదహారు అడుగులు. కామ్రీ పొడవే 16 అడుగులు. లిఫ్టు దానికన్నా ఒక అడుగు ఎక్కువే. 20 అడుగుల లోతున్న గ్యారేజీ సంగతి అడగనే అక్కర్లేదు.

దీనికి విరుగుడు ట్రాకును ఎత్తడం. తలుపు తెరుచుకునేటప్పుడు వెంటనే వంగకుండా గోడ వెంట ఇంకో మూడడుగులు నిటారుగా ఎక్కి, సీలింగుకు దగ్గరగా వెళ్లాక వంగేటట్టు ట్రాకును మారుస్తారు. అందువల్ల ఎత్తు పెరగడంతో పాటు ఇంకో లాభమూ ఉంది. 7 అడుగుల తలుపులో మూడడుగులు గోడకే అంటి ఉండిపోతాయి కాబట్టి అడ్డంగా పడుకునేది నాలుగడుగులే. అదీ పదిన్నర అడుగుల ఎత్తులో. ఆ నాలుగడుగుల కింద ఉండేది పై కారు బానెట్. పట్టెలు 65 అంగుళాల దగ్గర ఉండి, బానెట్ ఇంకో 40 అంగుళాలు లేచినా 8 అడుగుల 9 అంగుళాలే అవుతుంది. కారులో ఎత్తైన భాగం నడుమనే ఉంటుంది, ముందూ వెనకా తగ్గుతుంది. ఈ చిన్న సంగతి తెలిస్తే సగం తగాదా తీరినట్టే. నడిమి కడ్డీ మోటారు తీసేసి, తలుపు పైనున్న ఇరుసును పక్క నుంచి తిప్పే గోడ మోటారు బిగించాలి. స్ప్రింగులు, తాళ్లు చుట్టుకునే డ్రమ్ములు కూడా మారతాయి. బిగించి ఉన్న ఆ స్ప్రింగు విడుదలైతే చేతులు విరిగేంత బలం ఉంటుంది, కాబట్టి సెలవు రోజు సరదాగా పెట్టుకునే పని కాదు.

తలుపు సంగతి తేలాక మిగిలేది కప్పు. ఇక్కడే ఇల్లు కట్టకముందు అనుకున్నదానికీ తర్వాత అనుకున్నదానికీ తేడా తెలుస్తుంది.

పెంకుటిల్లు చూసినవారికి అమెరికా ఇంటి కప్పును వివరించడం తేలిక. రెండు వైపుల వాసాలు వెన్నుగాడి దగ్గర కలుస్తాయి. పైన బరువు పడితే వాటి కింది కొనలు గోడలను బయటికి తోస్తాయి. ఆ తోపును ఆపేది రెండు గోడలనూ అడ్డంగా కట్టి ఉంచే దూలం. అమెరికాలో ఇదే పనిని ఫ్యాక్టరీలో సన్నని చెక్కలను ఇనుప పలకలతో కుట్టి చేసిన ట్రస్సు చేస్తుంది. దాని కింది చెక్క చూడటానికి సీలింగు పలకలను మోసే కమ్మీలా ఉంటుంది. నిజానికి అది గోడలను పట్టి ఉంచే తాడు. దాన్ని రెండు మూడు చోట్ల కోస్తే రెండడుగుల ఎత్తు వస్తుంది కదా అనే ఆలోచన ప్రతి గ్యారేజీలోనూ ఏదో ఒక సాయంత్రం తలెత్తుతుంది. కోసిన రోజు ఏమీ జరగకపోవచ్చు. మంచు పేరుకున్న రోజో గాలివాన రోజో గోడలు విచ్చుకుంటాయి. ఇంజనీరు లిఖితపూర్వక ఆమోదం లేకుండా ట్రస్సును కోయడాన్ని ఇంటర్నేషనల్ రెసిడెన్షియల్ కోడ్ అనే అమెరికా ఇళ్ల నిర్మాణ నిబంధనావళి నిషేధించింది. మార్చడం అసాధ్యమేమీ కాదు. కింది కట్టును తీసేయాలంటే వాసాల బరువును మోయగల గట్టి వెన్నుదూలం, దానికి రెండు చివర్లా నేలదాకా దిగే స్తంభాలు పెట్టాలి. అప్పుడు ఖర్చు లిఫ్టు ధరను దాటేస్తుంది.

కొత్తగా కట్టేవారికి రెండు దారులున్నాయి. ఒకటి గోడలనే 12 అడుగులకు లేపడం. పైన చెప్పిన లెక్కల్లో రెండు ఎత్తైన బండ్లకు తప్ప మిగతా అన్నిటికీ అది చాలు. ఎన్ని వంకర దారులున్నా ఇదే మేలైనది. అయితే కోడ్‌లోని మామూలు పట్టికలు బరువు మోసే చెక్క గోడలకు 10 అడుగుల దాకానే నేరుగా వర్తిస్తాయి. అది దాటితే తరచూ ఇంజనీరు లెక్క గట్టాల్సి వస్తుంది, ముఖ్యంగా తలుపుకు రెండు పక్కలా మిగిలే సన్నని గోడ ముక్కలకు. గాలి పక్కనుంచి తోసినప్పుడు ముందు ఊగేది అవే. ఊరి నిబంధనలు, కాలనీ సంఘం షరతులు విడి గ్యారేజీల ఎత్తుకు హద్దు పెడితే కప్పు వాలు తగ్గించుకోవాలి.

రెండోది కత్తెర ట్రస్సు. కింది చెక్కలు కూడా పైవాటిలాగే నడుమకు వాలుగా లేస్తాయి, వాలు సగం ఉంటుంది. ప్లాను మీద ఇది ఉచితంగా వచ్చిన ఎత్తులా కనిపిస్తుంది. 24 అడుగుల వెడల్పున, అడుగుకు 2 అంగుళాల లోపలి వాలుతో నడుమ 24 అంగుళాలు కలిసొస్తుంది. 9 అడుగుల గోడల మీద నడుమ 11 అడుగులు. అయితే రెండు కార్ల గ్యారేజీకి నడుమ ఏ కారూ ఉండదు. తలుపు మీదికి త్రికోణపు గోడ వచ్చేలా, వెన్ను ముందు నుంచి వెనక్కి పోయేలా కడితే ఆ 11 అడుగులు రెండు కార్ల మధ్య నడిచే దారి మీద వస్తాయి. లిఫ్టు మధ్యరేఖ గోడకు 6 అడుగుల దూరంలో ఉంటే అక్కడ పెరిగేది ఒక్క అడుగు. కారు కప్పు అంచు గోడవైపు ఇంకో రెండున్నర అడుగులు జరుగుతుంది, అక్కడ పెరిగేది 7 అంగుళాలే.

అదే వెన్నును తలుపుకు సమాంతరంగా తిప్పితే ఎత్తైన చోటు గ్యారేజీ లోతులో నడుమ, రెండు కార్ల మీదుగా సాగుతుంది. బానెట్ దగ్గర తక్కువ, నడుమ ఎక్కువ, డిక్కీ దగ్గర మళ్లీ తక్కువ. కారు ఆకారమూ అదే కదా. తలుపు ట్రాకులను కూడా కప్పు వాలు వెంటే వంచి బిగించవచ్చు. ఒక్క గీత తిప్పితే వచ్చే లాభం ఇది, అదీ కాగితం మీద ఉన్నప్పుడే. ఇంటి ముఖం అందం కోసం త్రికోణపు గోడ ముందుకు రావాలని ఆర్కిటెక్టు అంటారు. లిఫ్టు సంగతి ఆయనకు ముందే చెప్పకపోతే తప్పు ఆయనది కాదు.

గ్యారేజీ మీద పడకగది ఉన్న ఇళ్లలో ఈ చర్చే ఉండదు. పైకి పోలేనివారు కిందికి పోవాలి, అంటే నేలను దించాలి. రెండడుగులు దించితే ఇంట్లోకి ఎక్కడానికి నాలుగు మెట్లు కావాలి, ఎందుకంటే కోడ్ ప్రకారం మెట్టు ఎత్తు గరిష్ఠంగా 7¾ అంగుళాలే ఉండవచ్చు. ఆ మెట్లు, వాటి ముందు నిలిచే చోటు కలిసి కారు చోటును తింటాయి. పైగా గ్యారేజీ నేల తలుపు వైపు వాలి నీరు బయటికి పోవాలి. వీధికన్నా కిందికి దిగిన నేల నుంచి నీరు ఎటు పోతుంది? స్థలం వెనక్కి వాలుగా ఉంటే తప్ప దీని జోలికి పోకపోవడమే మంచిది.

నేల గురించి ఇంకో మాట. మన దగ్గర స్లాబు అంటే పైకప్పు. అమెరికాలో స్లాబు అంటే కాళ్ల కింది కాంక్రీటు పలక. కోడ్ అడిగేది కనీసం మూడున్నర అంగుళాల మందం. రెండు స్తంభాల లిఫ్టు తయారీదారులు సాధారణంగా కనీసం 4 అంగుళాల మందం, చదరపు అంగుళానికి 3,000 పౌండ్లు తట్టుకునే కాంక్రీటు అడుగుతారు. కారు బరువంతా చేతుల చివర వేలాడుతూ స్తంభాన్ని వంచాలని చూస్తుంటే, దాన్ని నిలబెట్టేది నేలలోకి దిగిన ఆ బోల్టులే.

డాలస్‌లో దీనికో మెలిక ఉంది. అక్కడి బ్లాక్‌ల్యాండ్ ప్రెయిరీ నేల మన నల్లరేగడికి బంధువు. వానకు ఉబ్బి, ఎండకు నెర్రెలిచ్చే ఆ మట్టి మామూలు కాంక్రీటును విరిచేస్తుంది. అందుకే అక్కడి ఇళ్ల కింద పలకలో ఉక్కు తీగల తాళ్లు పరిచి, కాంక్రీటు గట్టిపడ్డాక వాటిని లాగి బిగిస్తారు. అర అంగుళం మందమున్న ఒక్కో తాడులో సుమారు 33,000 పౌండ్ల లాగుడు ఉంటుంది. డ్రిల్లు దానికి తగిలితే తాడు తెగి కాంక్రీటును చీల్చుకొని బయటికి రావచ్చు. అక్కడి గ్యారేజీ నేలమీద కోయవద్దు, తొలవవద్దు అన్న ముద్ర కనిపించడం మామూలే. దాన్ని అలంకారమనుకొని తివాచీ పరిచేసినవారూ ఉంటారు. తాళ్లు ఎక్కడున్నాయో రాడార్ పరికరంతో నేలను పరీక్షించి చూపేవారు ఉన్నారు. అయినా అక్కడ రెండు స్తంభాల మోజు వదిలి, బోల్టులు లేకుండా నిలిచే నాలుగు స్తంభాల లిఫ్టుకు సర్దుకోవడమే తెలివైన పని. లేదా కొత్త ఇల్లయితే, లిఫ్టు స్తంభాలు ఎక్కడ వస్తాయో ముందే చెప్పి, అక్కడ తాళ్లు లేకుండా మందపు దిమ్మెలు పోయించుకోవచ్చు.

హైదరాబాద్ అపార్టుమెంటుల స్టిల్టులో ఇదే కల కనేవారికి ట్రస్సు బెడద లేదు గానీ దూలాలున్నాయి. అక్కడ కొలవాల్సింది స్లాబు అడుగును కాదు, దూలం అడుగును, దానికింద వేలాడే డ్రైనేజీ గొట్టాన్ని. ఎనిమిది తొమ్మిది అడుగుల ఎత్తులో వంచి ఎత్తే చిన్న లిఫ్టులకు తప్ప దేనికీ చోటుండదు.

ఇవన్నీ తేలాక లిఫ్టు ఎంపిక చిన్న పని. అమెరికాలో ఆటోమోటివ్ లిఫ్ట్ ఇన్‌స్టిట్యూట్ ధ్రువీకరణ ముద్ర ఉందో లేదో చూడాలి. బరువు గురించి భయం అక్కర్లేదు, ఇంటికి వాడే నాలుగు స్తంభాల లిఫ్టులు సాధారణంగా 8,000 పౌండ్ల దాకా మోస్తాయి, కామ్రీ దానిలో సగానికి లోపే. అసలు ఇబ్బందులు రోజువారీవి. పై కారు దిగాలంటే కింద కారు బయటికి పోవాలి, కాబట్టి పొద్దున్నే ఆఫీసుకు పోయేది ఎప్పుడూ కిందే ఉండాలి. పై కారు చుక్క చుక్కగా కార్చే నూనె కింద కారు రంగు మీద పడకుండా పట్టెల మధ్య పళ్లేలు పరచాలి. సీలింగు నడుమ బిగించిన దీపాలు పై కారుకే వెలుగిస్తాయి, కింద పని చేసేవారికి చీకటే, అందుకని దీపాలు గోడల మీదికి రావాలి. నెలల తరబడి కదలని పై కారు బ్యాటరీ దిగిపోతుంది. గోడ చెక్కలు ఇంకా తెరిచి ఉన్నప్పుడే 8 అడుగుల ఎత్తులో ఒక ప్లగ్గు పెట్టించుకుంటే ఛార్జరు తీగ కింద కారు అద్దం మీదుగా వేలాడదు.